కరువులో యాడ పని చేస్తిరి?

1982 మార్చి. నంద్యాలలో మాది చిన్న మిషన్ ఆసుపత్రి. నేను అక్కడ ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. ఫిలిం తీయడం, చీకటి గదిలో కడగడం, ఆరబెట్టి డాక్టరుగారి బల్ల మీద పెట్టడం నా పని. సిబ్బంది తక్కువ కాబట్టి ఆటోక్లేవ్ కూడా నేనే చూసుకునేవాణ్ణి. ఆటోక్లేవ్ అంటే కత్తెరలు, కట్టుగుడ్డలు ఆవిరిలో పెట్టి క్రిములు చంపే పెద్ద ఇనుప పీపా. నా భార్య సుగుణ ఆడవాళ్ల వార్డులో స్టాఫ్ నర్సు. ఈ కేసులో జరిగిన మంచి ఆమె వల్ల జరిగింది. జరిగిన పొరపాటులో నాకూ వాటా ఉంది.

ఆ రోజుల్లో మా వైపు ఛాతీలో నీరు చేరితే టీబీ అనేవాళ్లం. చాలామట్టుకు అది నిజమే అయ్యేది. అందుకే వేరే ఆలోచన వచ్చేది కాదు.

ఒకరోజు ఉదయం, తెల్ల పంచె కట్టుకున్న యాభై అయిదేళ్ల రైతు నా గది తలుపు దగ్గర నిలబడ్డాడు. పేరు మద్దిలేటిరెడ్డి. ఊరు ఆళ్లగడ్డ పక్కన పల్లె. చేతిలో పాత ఫిలింలు, తాడుతో కట్టిన చుట్ట. వెనక బెంచీ మీద ఆయన భార్య ఓబుళమ్మ, నలభై ఆరేళ్ల మనిషి, కుడిపక్కకు ఒరిగి కూర్చుని ఊపిరి తీసుకుంటోంది. ఆళ్లగడ్డ ఆసుపత్రిలో ఆరు నెలలు టీబీ మందులు వాడారు. సూదులు కూడా పూర్తయ్యాయి. తెమడ పరీక్షలో మూడుసార్లూ క్రిమి కనపడలేదు. నీరు తీసిన ప్రతిసారీ మళ్లీ చేరుతోంది.

"అప్పా, ఫోటో తీసేటోడివి నువ్వేనా?" అన్నాడు.

"నేనే. కూచో అన్నా."

"కూచుంటాలే గానీ, ఈతూరి ఫోటో బాగ రావల్ల."

"ఎట్లుంటే అట్ల వస్తుందన్నా. నా చేతిలో ఏముంది?"

"ఏముందంటావేంది? ఆ మిషన్లో ఏందో తిప్పుతాండావు గదా, దాన్ని రొంత ఎక్కువ తిప్పు. ఆ తెల్లది కనపడకుండ పోవల్ల."

ఆయనకు తెలియకుండానే నిజం చెప్పాడు. ఎక్స్‌రే మోతాదు పెంచితే ఫిలిం మాడిపోయి నల్లబడుతుంది. గాలి ఉన్నచోటు ఫిలిం మీద నల్లగా, నీరు, ఎముక ఉన్నచోటు తెల్లగా పడతాయి. మోతాదు మించితే తెల్లని చోటు కూడా నల్లబడి, తెలియనివాళ్లకు రోగం తగ్గినట్టే కనపడుతుంది. కానీ ఎందుకు ఇలా అడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు.

"ఎవరికి చూపాలన్నా ఆ ఫోటో?"

ఆయన బెంచీ వైపు చూసి గొంతు తగ్గించాడు. ఒక్కతే కూతురు, లక్ష్మి. పెళ్లయిన చాలా ఏళ్లకు పుట్టింది. నిరుడు అవుకు ఊరివాళ్లకు ఇచ్చారు. ఇప్పుడు ఏడో నెల. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. వియ్యంకులు మాత్రం, తల్లికి టీబీ అయితే పిల్లను పంపేది లేదన్నారు. తగ్గినట్టు ఫోటో చూపిస్తే పంపుతారట.

"అది పురిటికి పోయేది నా ఇంటికి గాకుండ ఇంగ యాడికప్పా?" అన్నాడు. "నా పెండ్లానికి ఒగతే కూతురు. ఆర్నెల్లాయె, కొట్టంలో ఎద్దుల పక్కన పండుకుంటాండాది. పళ్లెం వేరే, చెంబు వేరే. ఈ మాట గూడా ఇనపడితే సస్తాది."

ఓబుళమ్మకు వినపడింది. "నేనేం సావను," అంది బెంచీ మీది నుంచి. "సచ్చేదాన్నయితే ఆ కొట్టంలో దోమలకే సద్దును. బిన్నే ఫోటో తియ్యమను, బస్సు పోతాది."

మోతాదు పెంచలేదు. ఉన్నది ఉన్నట్టు తీశాను. కుడి ఛాతీ సగం పైదాకా తెల్లగా ఉంది. డాక్టరుగారు చూసి వార్డులో చేర్చుకున్నారు. మరుసటి రోజు సూదితో నీరు తీశారు. దాన్ని మేము ట్యాపింగ్ అంటాం. నీరు లేత ఎరుపుగా వచ్చింది. నీరు తీసిన తర్వాత లోపల ఏముందో కనపడుతుందని మళ్లీ ఫిలిం తీయించారు.

నా పొరపాటు అక్కడ జరిగింది. ఆ ఫిలింలో ఎడమవైపు, అంటే జబ్బు లేదనుకున్న వైపు, ఊపిరితిత్తి అడుగున సన్నటి తెల్లగీత కనపడింది. సుద్దతో గీసినట్టుంది. డెవలపర్ మరక అనుకున్నాను. ఫిలిం కడిగే మందునీరు పాతబడితే అలాంటి మరకలు పడతాయి. నీరు మార్చి ఇంకో ఫిలిం తీశాను. గీత అక్కడే ఉంది. రెండు ఫిలింలలో ఒకేచోట మరక పడదు. అది నాకు తెలుసు. అయినా ఫిలిం చదవడం నా పని కాదనుకుని, ఏమీ చెప్పకుండా బల్ల మీద పెట్టి వచ్చాను. డాక్టరుగారు కుడివైపే చూశారు. జబ్బు ఉన్నది కుడివైపు కదా.

ఇక్కడ మా కార్డు గురించి చెప్పాలి. ఆసుపత్రికి వచ్చినవాళ్లందరికీ ఒక అట్ట కార్డు ఇచ్చేవాళ్లు. పేరు, వయసు, ఊరు, వృత్తి. కిటికీ దగ్గర కార్డులు రాసే అతని ముందు పొద్దున ఏడింటికే పెద్ద వరుస ఉండేది. పల్లెనుంచి వచ్చిన మగవాడైతే వృత్తి దగ్గర "సేద్యం" అని, ఆడదైతే "ఇంటిపని" అని అడక్కుండానే రాసేవాడు. తప్పని మాకెవరికీ తోచలేదు. ఓబుళమ్మ కార్డు మీద కూడా "ఇంటిపని" అనే ఉంది.

ఆమె చేరిన నాలుగో రోజు వార్డులో సిరంజీలు ఉడికించే కిరసనాయిలు స్టవ్వు మొరాయించింది. వత్తులు మాడిపోయాయి. సుగుణ వాటిని పైకి లాగుతూ విసుక్కుంటోంది.

"ఏం వత్తులో ఏమో. తెచ్చి నెల గాలేదు."

"మా ఇంట్లో ఒక వత్తి ఉండాది సిస్టరమ్మా," అంది ఓబుళమ్మ మంచం మీది నుంచి. "ఇరవై ఆరేండ్లాయె ముట్టించబట్టి. అదెంత ఉన్నిందో అంతే ఉండాది."

"ఊరుకోమ్మా. దూది కాలకుండా ఉంటుందా?"

"దూది గాదు. నూనె తాగుతాది, మండుతాది, దాని ఒళ్లు మాత్రం ఇంత అరగదు. మా అత్త మాదిరి."

వార్డంతా నవ్వారు. సుగుణ కూడా నవ్వి, "తెప్పించు చూస్తా. అబద్ధమైతే రేపు రెండు సూదులు," అంది.

"నిజమైతే?"

"నిజమైతే మా ఇంటినుంచి చేపలకూర తెస్తా."

మద్దిలేటిరెడ్డి మరుసటి రోజు ఆళ్లగడ్డ బస్సులో వస్తూ నశ్యం డబ్బీలో ఆ వత్తి తెచ్చాడు. సుగుణ దాన్ని పట్టుకుని నేరుగా ఆటోక్లేవ్ దగ్గరికి వచ్చింది. నేను తలుపు సవరిస్తున్నాను. ఆవిరి బయటికి పోకుండా ఆ తలుపు చుట్టూ ఒక తెల్లని తాడు దూరుస్తారు. ఆస్‌బెస్టాస్ తాడు. తెలుగులో రాతినార అంటారు. రాయిని కొట్టి, దాంట్లోంచి తీసే నార అది. నిప్పుకు కాలదు.

"ఇది చూడండి, అది చూడండి," అంది సుగుణ.

మసి దులిపితే రెండూ ఒకటే.

"ఆమెకు ఇదెక్కడిది?" అన్నాను.

"అదే కదా నేనడిగేది. ఇంటిపని చేసే మనిషికి రాతినార ఎక్కడిది?"

అప్పుడు నేను ఆ సుద్దగీత సంగతి ఆమెకు చెప్పాను. సుగుణ నన్ను ఏమీ అనలేదు. "పదండి, డాక్టరుగారికి చెబుదాం," అంది. అనకపోవడమే నాకు ఎక్కువ తగిలింది.

మా డాక్టరుగారు మద్రాసులో చదువుకున్న మనిషి. తక్కువ మాట్లాడేవారు. వత్తి చూసి, నేను చెప్పిన గీత విని, ఫిలింను మళ్లీ వెలుగుపెట్టె మీద పెట్టారు. చాలాసేపు ఎడమవైపే చూశారు. తర్వాత మద్దిలేటిరెడ్డిని పిలిపించారు.

"ఇది ఎక్కడిది రెడ్డిగారూ?"

"అంగట్లో కొన్న్యాం సార్."

"ఏ అంగట్లో?"

"యాదికి లేదు. ఎప్పటిదో."

"మీరెప్పుడైనా రాతినార గనుల్లో పని చేశారా?"

"మేమా?" ఆయన ముఖం మారింది. "మాకు ఇరవై ఎకరాలుండాది సార్. కూలికి పోయేటోళ్లం గాదు."

డాక్టరుగారు ఇంకేమీ అడగలేదు. సుగుణ మాత్రం వార్డుకు వెళ్లి ఓబుళమ్మ మంచం పక్కన కూర్చుంది. నేను వార్డు మూల నీటితొట్టి దగ్గర ఉన్నాను. మద్దిలేటిరెడ్డి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నీ పనేందని సుగుణ అడగలేదు. వేరే విధంగా అడిగింది.

"యాభైల్లో కరువొచ్చింది కదమ్మా. అప్పుడు యాడ ఉంటిరి?"

ఓబుళమ్మ భర్త వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఏం, సెప్పరాదా?" అంది ఆమె. "నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

"ఊరుకో."

"ఇరవై ఆరేండ్లు ఊరుకుంటి. ఇంగ ఊరుకునేకి దమ్ము యాడుండాది నాకు?"

ఆమె చెప్పింది. పెళ్లయిన ఏడాదే కరువు. ఎద్దులు పోయాయి. ఇద్దరూ ఊళ్లో బంధువుల ఇంటికని చెప్పి, పులివెందుల దిక్కున రాతినార తవ్వే చోటికి వెళ్లారు. ఆయన లోపల రాయి పగలగొట్టేవాడు. ఆమె బయట రేకుల షెడ్డు కింద నలభై మంది ఆడవాళ్లతో కూర్చుని, ఆ రాళ్లను సుత్తితో కొట్టి నార విడదీసేది.

"పొద్దుగూకులు కొడ్తాంటిమి. తలలు నెరిసినట్ల తెల్లగయితాండె. ఒకర్నొకరు చూసి ముసలోళ్లమయిపోతిమని నగుతాంటిమి. కొంగుతో దులుపుకుని అన్నం తింటాంటిమి. నాలుగేండ్లు. వానలు పడినాంక వచ్చేస్తిమి. వచ్చేటప్పుడు ఇంత నార కొంగున కట్టుకొస్తి, దీపానికి పనికొస్తాదని."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా?"

"కరువు పని పని కాదు గదా సిస్టరమ్మా. అదెవరు సెప్పుకుంటారు?"

ఆ మాటే ఈ కేసు. మా సీమలో కరువు రాని తరం లేదు. కరువులో చేసిన పనిని ఎవరూ తమ పనిగా చెప్పుకోరు. భూమి ఉన్నవాళ్లు అసలే చెప్పుకోరు. మా కార్డులో ఉన్నది వృత్తి అనే మాట. వాళ్లు చెప్పనిదీ, ఆసుపత్రులవాళ్లం అడగనిదీ కలిసి ఆరు నెలలు ఆమెను కొట్టంలో పడుకోబెట్టాయి.

డాక్టరుగారు ఛాతీ పొరనుంచి చిన్న ముక్క తీసి మద్రాసు పంపారు. దీన్ని బయాప్సీ అంటారు. మూడు వారాలకు జవాబు వచ్చింది. పరీక్ష చేసినవాళ్లు కచ్చితంగా కాకపోయినా, ఆ జబ్బుకు సరిపోయేలా ఉందని రాశారు. దానికి ఫిలింలోని గీతనూ, నాలుగేళ్ల దుమ్మునూ జోడించి డాక్టరుగారు నిర్ణయానికి వచ్చారు. జబ్బు పేరు మీసోథీలియోమా. ఊపిరితిత్తిని కప్పి ఉండే పొరకు వచ్చే కాన్సర్. పీల్చిన రాతినార పోగులు ఊపిరితో లోపలికి పోతాయి. కొన్ని ఆ పొరదాకా చేరి అక్కడే ఉండిపోతాయి. ఇరవై, ముప్పై ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం ఏ బాధా ఉండదు. ఆ తర్వాత జబ్బు బయటపడుతుంది. నేను మరక అనుకున్న సుద్దగీత కాన్సర్ కాదు. పొర మీద సున్నం పేరుకున్న మచ్చ. కానీ మనిషి రాతినార పీల్చిందనడానికి అది గుర్తు. ఆ జబ్బును నయం చేసే మందు లేదు.

ఈ సంగతి చెప్పే పని డాక్టరుగారు సుగుణను పక్కన పెట్టుకుని చేశారు. ఆయన మాటలను సుగుణ విడమరిచి చెప్పింది. "శెనక్కాయ పప్పుకు ఎర్రటి పొట్టు ఉంటుంది చూడమ్మా, ఊపిరితిత్తికీ అట్లాంటి పొర ఒకటి ఉంటుంది. జబ్బు దానికి వచ్చింది. టీబీ కాదు. దీనికి మందు లేదమ్మా. నీరు చేరినప్పుడల్లా తీస్తాం, నొప్పి తగ్గిస్తాం. తగ్గేది మాత్రం కాదు."

ఓబుళమ్మ అడిగిన మొదటి మాట, "ఇది అంటుతాదా?"

"అంటదు," అన్నారు డాక్టరుగారు.

"దగ్గినా?"

"దగ్గినా అంటదు."

"బిడ్డను ఎత్తుకోవచ్చునా?"

"ఎత్తుకో. ముద్దు కూడా పెట్టుకో."

ఆమె భర్త వైపు తిరిగింది. "ఇన్యావా? అంటదంట. పో, పోయి ఆ పళ్లెం చెంబు లోపల పెట్టుపో."

ఇన్నేళ్లలో చావు వార్త విన్న మనుషులను చాలామందిని చూశాను. ఆ వార్త విని తేలిక పడిన మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను.

ఆయనకు మాత్రం తేలిక పడలేదు. ఆ మధ్యాహ్నం వచ్చి నా గదిలో కూర్చున్నాడు.

"కాగితం రాసిస్తానన్నాడు సారు," అన్నాడు. "టీబీ గాదని. వాళ్లు ఇంగేందని అడుగుతారు. ఎట్లొచ్చెనని అడుగుతారు. నార కొట్టేకి కూలికి పోయింటిమని నా నోటితో సెప్పల్లనా, ఆ వియ్యంకునికి? ఇరవై ఎకరాలని సెప్పి పిల్లనిస్తిని."

"ఇరవై ఎకరాలు అబద్ధం కాదు కదన్నా."

"కాదు."

"ఇది కూడా అబద్ధం కాదు."

ఆయన గోడకు వేలాడుతున్న తన భార్య ఫిలిం వైపు చూశాడు. "దాన్ని ఇయ్యి," అన్నాడు. "ఎడమదిక్కు గీత యాడుండాదో చూపీ."

వేలు పెట్టి చూపించాను. ఫిలింను కాగితంలో చుట్టి చంకలో పెట్టుకుని, ఆ రోజే అవుకు వెళ్లాడు.

రెండు రోజుల తర్వాత వచ్చినప్పుడు మనిషి వేరేగా ఉన్నాడు. గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"సెప్పితినప్పా. ఆయప్ప పెద్ద మంచం మీద కూచోనుండాడు. సెప్తి. నేను రాయి కొడితి, నా పెండ్లాము నార కొట్టె అని. ఇన్యాడు, ఇన్యాడు, ఉన్నట్లుండి నగె."

"నవ్వాడా?"

"నగె. 'నేను కరువులో గంజి పోసే కేంద్రం కాడ మూడు నెల్లు వరసలో నిలబడితి, ఇంట్లోవాళ్లకు గూడా ఇంతవరకు సెప్పలేదు' అన్యాడు. అంతలోకే ఆయప్ప పెండ్లాము బయటికొచ్చి, 'ఏందీ, ఏందీ' అని తగులుకునె. ఇంగ వాళ్లిద్దరూ తిట్టుకుంటాంటే నేను బస్సెక్కొస్తి."

అయినా వియ్యపురాలు కాగితాన్ని నమ్మలేదు. తనే నంద్యాల వచ్చి, డాక్టరుగారి నోటితో అంటదనే మాట మూడుసార్లు చెప్పించుకుని వెళ్లింది. ఆ తర్వాతి వారం లక్ష్మి పుట్టింటికి వచ్చింది.

జూన్‌లో మా ఆసుపత్రిలోనే కాన్పయింది. ఆడపిల్ల. ఓబుళమ్మ పదిహేను రోజులకొకసారి నీరు తీయించుకోవడానికి ఆళ్లగడ్డనుంచి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ పిల్లను కూడా తెచ్చేది. ఎక్కువసేపు ఎత్తుకునే శక్తి లేదు. కాళ్లు చాపుకుని కూర్చుని పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకునేది. సుగుణ పందెం ఓడినందుకు చేపలకూర ఎప్పుడో తెచ్చింది. దాంట్లో కారం లేదని ఓబుళమ్మ చివరిదాకా ఎత్తిపొడుస్తూనే ఉంది.

డిసెంబరులో ఆమె బస్సెక్కలేకపోయింది. ఒక ఆదివారం ఆరాధన అయిన తర్వాత నేనూ సుగుణా వాళ్ల పల్లెకు వెళ్లాం. నడింట్లో మంచం వేసి ఉంది. పక్కనే ఉయ్యాల. అందరికీ ఒకే వరుసలో పళ్లేలు పెట్టారు. ఆమె పళ్లెం కూడా ఆ వరుసలోనే ఉంది. రెండు ముద్దలు తిని పక్కకు పెట్టింది. వత్తి మాత్రం ఇంట్లో లేదు. డాక్టరుగారు చెప్పినట్టు తడిపి, డబ్బీతో సహా లోతుగా పూడ్చేశాడు మద్దిలేటిరెడ్డి.

"దాన్ని పూడ్చిరి గానీ, ఆ రేకుల షెడ్డు కింద నా పక్కన కూచున్నోళ్లు నలభై మంది," అంది ఓబుళమ్మ సుగుణతో. "వాళ్లు యాడుండారో ఎవరు అడుగుతారు?"

మాకు తెలియదన్నాం. నిజంగానే తెలియదు. ఫిబ్రవరిలో ఆమె పోయింది. కూతురు, మనుమరాలు పక్కనే ఉన్నారు.

ఆ తర్వాత నేను చేసింది చిన్న పని. ఆటోక్లేవ్ తాడు కోసేటప్పుడు ముందు తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకునేవాణ్ణి. కొన్నేళ్లకు వేరే రకం తాడు తెప్పించారు. సుగుణ చేసింది పెద్దది. ఛాతీ జబ్బుతో వచ్చిన ప్రతి మనిషి కార్డు మీద, వృత్తి అన్న మాట కింద, పెన్నుతో ఒక గీత గీసి, "కరువులో యాడ పని చేస్తిరి?" అని అడిగి రాసేది. చాలామందికి టీబీయే ఉండేది. కొందరు బండలు కోసే చోట పనిచేశామని చెప్పేవాళ్లు. రాతిదుమ్ము కూడా ఊపిరితిత్తిని చెడగొడుతుందని వాళ్ల ఫిలింలను డాక్టరుగారు రెండోసారి చూసేవారు. నేను కూడా, మరక కనపడితే నోరు తెరిచి చెప్పడం నేర్చుకున్నాను.

సుగుణ రెండేళ్ల క్రితం పోయింది. గుండె జబ్బు. చివరిసారి ఆసుపత్రిలో చేర్చినప్పుడు, ఫారం నింపే అమ్మాయి వృత్తి దగ్గర అడక్కుండా "గృహిణి" అని రాసింది. నేను పెన్ను అడిగి తీసుకుని దాన్ని కొట్టేసి, "స్టాఫ్ నర్సు, ముప్పై ఒక్క ఏళ్లు" అని రాశాను. సుగుణ పడుకునే చూస్తోంది.

"కరువు పని రాయలేదే," అంది.

"నీకు కరువు పనేముంది?"

"ఆత్మకూరు అడవిలో బీడీలకు తునికాకు కోసి కట్టలు కట్టాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు. కట్టకు వంద ఆకులుండాలి, తక్కువైతే మా అమ్మ తన కట్టలోంచి వేసేది."

పెళ్లయి అన్నేళ్లు. ఆమె ఆ ప్రశ్న ఎందరినో అడిగింది. నేను ఆమెను ఒక్కసారీ అడగలేదు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరు అడగలేదు కదా," అంది. కోపంగా కాదు, నవ్వుతూనే.

ఆ సాయంత్రమంతా అడిగాను. ఆమె చెప్పింది. ఫారంలో చోటు చాలలేదు. అంచున నిలువుగా రాశాను.